కాటా పీసీలో లారీ బరువు మైనస్ 1 కిలో: బయోస్ ఇచ్చే అడ్రసుల గొడవ

పెనుగొండ మిల్లు | ఏప్రిల్ 18, ఉదయం 7:10

అందరికీ నమస్కారమండీ. పెనుగొండ దగ్గర ఒక రైస్ మిల్లులో కంప్యూటర్లు చూస్తుంటాను. దాళ్వా కోతలు మొదలయ్యాయి. గేటు బయట తొమ్మిది లారీలు ఆగి ఉన్నాయి, అందుకని సోది లేకుండా చెప్పేస్తున్నా.

మా కాటాకి ఒక పీసీ ఉంది, ఉబుంటు 22.04 (లైనక్స్). అందులో ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు. కాటా కింద లోడ్ సెల్స్ సిగ్నల్, సార్టెక్స్ (బియ్యంలో రంగు తేడా గింజలు ఏరే) మిషన్ లెక్కలు రెండూ దాంట్లోకే వస్తాయి. కార్డూ, దాని డ్రైవరూ (కార్డుని నడిపే ప్రోగ్రాం) మూడేళ్ల కిందట ఒకాయన చేసిచ్చారు. ఆయన ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నారు, ఫోన్ ఎత్తట్లేదు. సోర్స్ కోడ్ మాత్రం మా దగ్గరే ఉంది.

నిన్న రాత్రి గాలివానకి కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. పొద్దున ఆన్ చేస్తే తారీఖు ఎక్కడికో వెనక్కి వెళ్లిపోయి ఉంది. ఏదో కీ నొక్కమంది, నొక్కాను. ఉబుంటు మామూలుగానే వచ్చింది. డ్రైవర్ కూడా తప్పు చూపించకుండా లోడ్ అయింది. కానీ లారీ ఎక్కినా దిగినా తెర మీద బరువు -1 కిలో. ఖాళీ కాటా అయినా -1. లారీ డ్రైవర్లు ఫోన్లో ఫొటోలు తీసుకుని నవ్వుకుంటున్నారు.

ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నా. కోడ్ పేర్లు పలికినట్టే రాస్తాను, ఏమనుకోకండి.

తణుకు సర్వీస్ | 7:18

ఉబుంటు మళ్లీ వేసెయ్యండి. అరగంట పని.

చెరువుగట్టు (భీమవరం) | 7:25

లోడ్ సెల్ కనెక్టర్‌లోకి నీళ్లు వెళ్లాయేమో చూడండి. నిన్నటి వానకి మా చెరువు దగ్గర ఏరేటర్ ప్యానెల్ కూడా ఇలాగే మొండికేసింది.

పెనుగొండ మిల్లు | 7:31

అదీ చూశామండీ. కాటా పక్కన సీలు వేసిన డిస్‌ప్లే ఉంటుంది కదా, అందులో బరువు సరిగ్గానే వస్తోంది. పీసీలో మాత్రమే -1. ప్రస్తుతానికి డిస్‌ప్లే చూసి చేత్తో చీటీలు రాస్తున్నాం.

రాజోలు కెర్నల్ (హైదరాబాద్) | 7:52

ఉబుంటు జోలికి వెళ్లకండి. -1 అనేదే పెద్ద క్లూ. 32 బిట్లూ ఒకట్లే ఉన్న విలువని మామూలు పూర్ణసంఖ్యగా చదివితే -1 అవుతుంది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) మిషన్లలో ఎవరూ పలకని అడ్రసు నుంచి చదివితే ఇలా అన్నీ ఒకట్లే వస్తాయి. అంటే మీ డ్రైవర్ ఒక తలుపు కొడుతోంది, ఆ ఇంట్లో ఎవరూ లేరు.

మూడు అనుమానాలు. కార్డు నిద్రలో ఉండొచ్చు. కార్డులో మెమరీ డీకోడ్ బిట్ (తన అడ్రసుకి పలికించే స్విచ్) ఆఫ్ అయి ఉండొచ్చు. లేదా కార్డు ఒక చోట ఉంటే డ్రైవర్ ఇంకో చోట వెతుకుతూ ఉండొచ్చు. ఎల్ఎస్‌పీసీఐ కమాండు (కార్డుల వివరాలు చూపిస్తుంది) రెండు వీలతో కొట్టి, మీ కార్డు కింద కంట్రోల్ అనే వరుస, మెమరీ ఎట్ అనే వరుస ఇక్కడ పెట్టండి. ప్రాక్ కింద ఐఓమెమ్ ఫైలు కూడా, ఏ అడ్రసు ఎవరిదో అందులో ఉంటుంది.

పెనుగొండ మిల్లు | 8:05

కంట్రోల్ వరుసలో ఐఓ మైనస్, మెమ్ ప్లస్, బస్‌మాస్టర్ ప్లస్ అని ఉంది.
మెమరీ ఎట్ 4010000000, 64 బిట్, ప్రీఫెచబుల్, సైజు 64కే (కిలోబైట్లు).
ఐఓమెమ్ ఫైల్లో మాత్రం అన్ని వరుసల్లో సున్నాలేనండీ. మదర్‌బోర్డు పోయినట్టేనా?

రాజోలు కెర్నల్ | 8:08

హహ, పోలేదు. సుడో లేకుండా, అంటే అడ్మిన్ హక్కు లేకుండా చూశారు. రూట్ కాని వాళ్లకి ఆ ఫైలు అడ్రసులన్నీ సున్నాలుగా చూపిస్తుంది.

ఇప్పుడు డ్రైవర్ కోడ్ తెరిచి ఐఓరీమ్యాప్ (కార్డు అడ్రసుని డ్రైవర్‌కి తెరిచే పిలుపు) అని వెతకండి. బ్రాకెట్లో మొదట ఏముంది?

పెనుగొండ మిల్లు | 8:14

హెక్స్‌లో (0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్ వరకు పదహారు అంకెల లెక్క) 91200000. నేరుగా అంకె రాసి ఉంది. పక్కన కామెంట్ కూడా ఉంది: "కార్డు అడ్రసు, మారదు".

నీలితెర (రాజమండ్రి) | 8:15

"మారదు". 🙏

రాజోలు కెర్నల్ | 8:27

దొరికింది. కార్డు 4010000000 దగ్గర కూర్చుంది, డ్రైవర్ 91200000 దగ్గర తలుపు కొడుతోంది.

ఆయన అప్పట్లో ఎల్ఎస్‌పీసీఐలో కనబడిన అంకెని చూసి కోడ్‌లో రాసేశారు. ఆ అంకె కార్డుకి పుట్టుకతో వచ్చింది కాదు. మిషన్ ఆన్ అయిన ప్రతిసారీ బయోస్ (ఉబుంటు కంటే ముందు లేచే, బోర్డులోని ప్రోగ్రాం) అన్ని కార్డుల్నీ చూసి, ఎవరికి ఎంత కావాలో కనుక్కుని, అడ్రసులు పంచుతుంది. సెట్టింగులు మారనంత కాలం, కార్డులు మారనంత కాలం రోజూ అదే లెక్క కాబట్టి అదే అంకె వస్తుంది. అందుకే మూడేళ్లు నడిచింది.

నిన్న మీ సీమాస్ బ్యాటరీ (తారీఖూ, సెట్టింగులూ గుర్తుంచేది) అయిపోయింది. కరెంటు పూర్తిగా పోగానే బయోస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ లెక్కకి వచ్చేశాయి. వాటిలో ఎబవ్ 4జీ డీకోడింగ్ అని ఒకటుంటుంది. అది ఆన్ అయితే 64 బిట్ ప్రీఫెచబుల్ (ముందే చదివి పెట్టుకున్నా ఇబ్బంది లేని) అడ్రసుల్ని 4 జీబీ గీతకి పైన పెట్టొచ్చు. మీది సరిగ్గా ఆ రకం. బయోస్‌లోకి వెళ్లి చూడండి, అది ఆన్‌లో ఉంటుంది.

పెనుగొండ మిల్లు | 8:49

ఆన్‌లోనే ఉందండీ. ఇంకో విషయం, నవ్వకండి. బ్యాటరీ చూద్దామని క్యాబినెట్ తలుపు తీస్తే లోపల తెల్ల టేపు ముక్క అంటించి ఉంది. బాల్‌పెన్‌తో రాశారు: "ఎబవ్ 4జీ ఆఫ్. ముట్టుకోవద్దు". దుమ్ము పట్టిపోయింది, చొక్కా అంచుతో తుడిస్తే గానీ కనపడలేదు.

ఆఫ్ చేశాను. బరువు వచ్చింది! 24,360 కిలోలు. మొదటి లారీ లోపలికి వెళ్లింది. మీ రుణం తీర్చుకోలేను.

తణుకు సర్వీస్ | 8:53

అంటే ఆయనకి తెలుసన్నమాట.

రాజోలు కెర్నల్ | 9:01

తెలుసు. డ్రైవర్ సరిచేసే బదులు బయోస్‌కి టేపు వేశారు. సీజన్ కాబట్టి ఈ నాలుగు రోజులూ ఇలాగే లాగించండి. కానీ ఆ అంకె కోడ్‌లో ఉన్నంత కాలం మీ కాటా ఆ టేపు ముక్క మీద నడుస్తున్నట్టే.

లొల్ల లాకులు (ఆత్రేయపురం) | 9:40

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కర్‌గా చేశారు, నాకు ఇది కాలువ లెక్కలాగే కనిపిస్తోంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ డెల్టాలో పద్ధతి ఒకటే. గేటు ఎత్తేది, దించేది లస్కర్. ఏ తూముకి ఎంత నీరన్నది పైనుంచి వచ్చిన లెక్క. రైతు తన బోదెలోకి వచ్చిన నీరు వాడుకోవాలి తప్ప, పోయినేడు మూడు జానల నీరు వచ్చిందని ఈ ఏడాది కూడా మూడు జానలకే గట్టు పెట్టుకుని కూర్చుంటే ఎలా? ఫర్మ్‌వేర్ (అంటే బయోస్) లస్కర్, డ్రైవర్ రైతు, మధ్యలో కెర్నల్ (ఉబుంటు గుండెకాయ) నీటి సంఘం.

లంక పిల్లోడు (పి.గన్నవరం) | 10:02

పోలిక బాగుందన్నా, కానీ నీళ్లు అందరికీ ఒకటే, ఎక్కువా తక్కువా అంతే. ఇక్కడ గొడవ ఎంతిచ్చారన్నది కాదు, ఎక్కడిచ్చారన్నది. 64కే అప్పుడూ 64కే, ఇప్పుడూ 64కే. జాగా మారింది.

దీనికి మా లంక భూములు సరిపోతాయి. గోదావరి వరద వచ్చి తీశాక లంకలో గట్టు ఉన్నచోట ఉండదు. ఒక పక్క కోసేస్తుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. మా తాత "చింతచెట్టు నుంచి నలభై అడుగులు మనదే" అనేవాడు. ఆ చింతచెట్టే ఏట్లో కలిసిపోయాక నలభై అడుగులు ఎక్కణ్ణుంచి కొలుస్తాం? వరద తీశాక గొలుసు పట్టుకుని మళ్లీ కొలవాల్సిందే. రీబూట్ అంటే వరద.

నీలితెర | 10:06

రీబూట్ అంటే వరద! ఇది నా డెస్క్ మీద రాసి పెట్టుకుంటా. టేపు మీద కాదు లెండి.

కాకినాడ మాస్టారు | 11:20

పిల్లలకి ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్తుంటాను, నాకో సందేహం. పాత రోజుల్లో ఐఎస్ఏ (పీసీఐకి ముందు రకం) కార్డుల మీద జంపర్లు (పిన్నులకి తొడిగే చిన్న టోపీలు) ఉండేవి. సౌండ్ కార్డుకి ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని పిలిచే గంట) 5 పెట్టాలా 7 పెట్టాలా అని మేమే చేత్తో పీకి పెట్టేవాళ్లం. సీరియల్ పోర్ట్ అంటే హెక్స్ 3ఎఫ్8, ఇంటరప్ట్ 4. అది బట్టీయమే, అందరికీ అదే. ప్లగ్ అండ్ ప్లే వచ్చాక ఆ బాధ పోయింది. సరే, ఇప్పుడు పంచే పని అయినా ఫర్మ్‌వేర్ ఎందుకు చెయ్యాలి? కెర్నల్ లేచాక అన్నీ చెరిపేసి, తనే మొదట్నుంచీ పంచుకుంటే ఒక్క చోటే లెక్క ఉంటుంది కదా?

రాజోలు కెర్నల్ | 12:35

మాస్టారూ, భోజనం టైమ్ అంతా దీనికే పెట్టాను, ఓపిగ్గా చదవండి.

ముందు పంపకం ఎలా జరుగుతుందో. ప్రతి పీసీఐ కార్డులోనూ బేస్ అడ్రస్ రిజిస్టర్లు ఉంటాయి, ఒక్కో దానికి ఆరు వరకూ. పొట్టిగా బార్ అంటాం. బయోస్ అందులో అన్నీ ఒకట్లు రాసి వెనక్కి చదువుతుంది. కార్డు కొన్ని కింది బిట్లని మారనివ్వదు, అవి సున్నాలుగానే తిరిగి వస్తాయి. ఎన్ని మారలేదో చూస్తే సైజు తెలిసిపోతుంది. మిల్లు కార్డు 64కే అంటే కింది 16 బిట్లు సైజు కోసం పోయాయి. అందులోనే చివరి నాలుగు బిట్లు గుర్తులు: ఇది మెమరీయా పోర్టా, 32 బిట్టా 64 బిట్టా, ప్రీఫెచ్ చెయ్యొచ్చా లేదా. అన్ని కార్డుల సైజులూ కూడి, మధ్యలో ఉన్న బ్రిడ్జిలకి (వెనకున్న కార్డులకి దారి ఇచ్చేవి) కిటికీలు, అంటే లోపలికి పోనిచ్చే అడ్రసుల హద్దులు, కేటాయించి, ఒక్కో బార్‌లో మొదలు అడ్రసు రాస్తుంది. ఇదంతా ఉబుంటు లోగో రాకముందే అయిపోతుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. కెర్నల్ అన్నీ చెరిపేస్తే ఏమవుతుంది? మొదటి దెబ్బ తెరకి. బూట్ అవుతున్నప్పుడు కనిపించే బొమ్మ, యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) పెట్టిన ఫ్రేమ్‌బఫర్, గ్రాఫిక్స్ కార్డు బార్‌లోనే ఉంటుంది. అది వాడుకలో ఉండగా జరిపితే తెర ఆగిపోతుంది. రెండో దెబ్బ కనపడదు. ఫర్మ్‌వేర్ కెర్నల్‌కి పగ్గాలిచ్చి పూర్తిగా వెళ్లిపోదు. ఏసీపీఐ టేబుళ్లలో (ఫర్మ్‌వేర్ కెర్నల్‌కి ఇచ్చే పట్టీలు) దాని కోడ్ ఉంటుంది, ఎస్ఎంఎం అని ఇంకో చాటు గది ఉంటుంది. వాటికి కొన్ని అడ్రసులు తెలుసు, అవి అక్కడే ఉంటాయన్న నమ్మకంతో చదువుతాయి, రాస్తాయి. కింద నుంచి కెర్నల్ జరిపేస్తే ఆ రాత వేరే వాడి మీద పడుతుంది. హార్డ్‌వేర్ ఉష్ణోగ్రత చూసే డ్రైవర్లు లోడ్ చేస్తే కొన్ని బోర్డుల్లో ఏసీపీఐ రిసోర్స్ కాన్‌ఫ్లిక్ట్ అని వస్తుంది చూశారా, ఆ గొడవ ఇదే: ఒకే రిజిస్టర్ మీద ఫర్మ్‌వేర్ చెయ్యీ, డ్రైవర్ చెయ్యీ.

అందుకని ఎక్స్86లో లైనక్స్ మధ్యేమార్గం పట్టింది. బయోస్ రాసిన అడ్రసు ఒకదానిమీద ఒకటి పడకుండా, బ్రిడ్జి కిటికీలోపలే ఉంటే దాన్నే ఉంచుతుంది. తేడా ఉంటేనే, లేదా బయోస్ అసలు ఇవ్వకుండా వదిలేస్తేనే, తను కొత్తగా ఇస్తుంది. పంచుకోవడానికి ఏ ఏ జాగాలు ఉన్నాయన్నది కూడా ఏసీపీఐలో సీఆర్ఎస్ అనే పట్టీ చూసే తెలుసుకుంటుంది. బయోస్ 2008 లేదా ఆ తర్వాతదైతే ఆ పట్టీని నమ్మడమే డిఫాల్ట్. ఆర్మ్ (ఫోన్లలో ఉండే ప్రాసెసర్ రకం) బోర్డుల్లో అలవాటు వేరు, చాలాచోట్ల కెర్నల్ తనే మళ్లీ పంచుతుంది. అక్కడ ఫర్మ్‌వేర్ "నేను ఇచ్చినవి కదపొద్దు" అని చెప్పాలంటే దానికి డీఎస్ఎం అనే దారి, అందులో 5వ నంబర్ ఫంక్షన్ ఉంది.

కాబట్టి డ్రైవర్ రాసేవాడికి "ఇచ్చింది ఎవరు" అన్నది అనవసరం. బయోస్ ఇచ్చి ఉండొచ్చు, కెర్నల్ మార్చి ఉండొచ్చు. కెర్నల్ దగ్గర ఆఖరి లెక్క ఉంటుంది, దాన్ని అడగడమే. కార్డు రిజిస్టర్‌ని నేరుగా చదివి తెలివి చూపించడం కూడా తప్పే. ఎందుకో పక్కనున్న చెరువుగట్టు గారిని అడగండి, ఆయనకి రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) దెబ్బలు తెలుసు.

చెరువుగట్టు | 1:15

అడిగారు కాబట్టి చెప్తా, పరువు తక్కువ కథ.

రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు ఆన్, ఆఫ్ చెయ్యడానికి మొదట్లో రాస్‌బెర్రీ పై మొదటి మోడల్ పెట్టాను. రిలేలు తిప్పే జీపీఐఓ (బోర్డు పిన్నుల) అడ్రసు హెక్స్ 20200000, డెవ్ మెమ్ (మెమరీని నేరుగా చూపే ఫైలు) తెరిచి నేరుగా రాసేవాణ్ణి. తర్వాత పై 2 కొన్నా. అదే ప్రోగ్రాం, ఒక్క రిలే కూడా కదలదు. అందులో మొత్తం సరంజామా 3ఎఫ్000000 దగ్గరికి వెళ్లిపోయింది. సరే అని మార్చా. పై 4 వచ్చింది, ఎఫ్ఇ000000 అయింది. మూడు బోర్డులకి మూడు ప్రోగ్రాములు పట్టుకుని తిరిగా. రాత్రి రెండు గంటలకి చెరువులో ఆక్సిజన్ పడిపోతుంటే రిలే తిరగట్లేదంటే ఆ టెన్షన్ రొయ్యలు వేసినవాడికే తెలుస్తుంది.

సరే డేటాషీట్ చూద్దామంటే అందులో 7ఇ200000 అని ఉంటుంది! అది లోపలి బస్సు వైపు నుంచి చూసే అంకె. ప్రాసెసర్ వైపు నుంచి అదే జాగా 3ఎఫ్200000. డివైస్ ట్రీలో (బోర్డులో ఏది ఎక్కడుందో చెప్పే పట్టీ) రెగ్ దగ్గర బస్సు అంకె రాసి, రేంజెస్ దగ్గర "ఇది అక్కడ అదీ" అని మార్పిడి ఇస్తారు. కెర్నల్ ఆ లెక్క కట్టి డ్రైవర్ చేతిలో పెడుతుంది. రాజోలు గారు రిజిస్టర్ నేరుగా చదవొద్దన్నది ఇందుకే: కార్డు చెప్పే అంకె, ప్రాసెసర్ వాడే అంకె ఒకటే కానక్కర్లేదు. ఇప్పుడు నేను జీపీఐఓ లైబ్రరీ వాడుతున్నా, అంకెల జోలికే పోను.

నీలితెర | 1:42

విండోస్‌లో ఈ తేడా ముఖం మీదే కనపడుతుంది. డ్రైవర్‌కి రెండు పట్టీలు ఇస్తారు, రా ఒకటి, ట్రాన్స్‌లేటెడ్ ఒకటి. రా అంటే బస్సు లెక్క, ట్రాన్స్‌లేటెడ్ అంటే ప్రాసెసర్ లెక్క. మ్యాప్ చేసుకోవాల్సింది రెండో దాన్ని. ప్రిపేర్ హార్డ్‌వేర్ అనే కాల్‌బ్యాక్‌లో ఇస్తారు.

కొత్తవాళ్లు అక్కడే ఇంకో గోతిలో పడతారు. ఆ కాల్‌బ్యాక్ జీవితంలో ఒక్కసారే వస్తుందనుకుంటారు. ఇంకో కార్డుకి చోటు కావాలంటే విండోస్ మీ కార్డుని ఆపి, అడ్రసు మార్చి, మళ్లీ మొదలుపెట్టగలదు. అప్పుడు రిలీజ్ హార్డ్‌వేర్ వచ్చి, తర్వాత ప్రిపేర్ హార్డ్‌వేర్ మళ్లీ వస్తుంది. పాత పాయింటర్ ఎక్కడో గ్లోబల్‌లో దాచుకున్నవాడికి నా పేరే గతి, అంటే విండోస్ ఆగిపోయి నీలితెర. అంటే లంక పిల్లోడి లెక్కలో, రీబూట్ లేకుండానే వరద.

పెనుగొండ మిల్లు | ఏప్రిల్ 20, సాయంత్రం 5:30

మళ్లీ నేనేనండీ. మళ్లీ -1.

ఈసారి నేనే చేసుకున్నా. సార్టెక్స్ గది నుంచి నెట్‌వర్క్ లాగుదామని ఇంకో లాన్ కార్డు పెట్టాను. ఎబవ్ 4జీ ఆఫ్‌లోనే ఉంది, టేపు చెప్పినట్టే. ఎల్ఎస్‌పీసీఐ ఇప్పుడు 91300000 అంటోంది. కోడ్‌లో అంకె మారిస్తే పనిచేసింది. కానీ సరిగ్గా 100000 తేడా ఎలా వచ్చిందో అర్థం కాలేదు. లాన్ కార్డు అంత పెద్దది కూడా కాదు.

రాజోలు కెర్నల్ | 6:10

హెక్స్‌లో 100000 అంటే సరిగ్గా 1 ఎంబీ. కొత్త కార్డు ఇంకో బ్రిడ్జి వెనకాల కూర్చుంది. బ్రిడ్జి మెమరీ కిటికీ 1 ఎంబీ కంటే చిన్న ముక్కగా తెరుచుకోదు. కార్డుకి 16కే చాలినా బ్రిడ్జి మొత్తం 1 ఎంబీ పట్టేసింది, మీది పక్కకి జరిగింది. సినిమా హాల్లో ఒక్క టికెట్‌కి వరస మొత్తం రిజర్వ్ చేసినట్టు. పోర్టులకైతే ఆ ముక్క 4కే. మొత్తం ఉన్నవే 64కే పోర్టులు కాబట్టి కార్డులు ఎక్కువైతే అక్కడ ముందు కరువొస్తుంది.

ఇక అంకెలు మార్చుకుంటూ కూర్చోకండి. డ్రైవర్ బాగుచేద్దాం. ప్రోబ్‌లో (కార్డు దొరకగానే నడిచే ఫంక్షన్) వరస ఇది: పీసీఐ ఎనేబుల్ డివైస్, తర్వాత పీసీఐ రిక్వెస్ట్ రీజియన్స్, ఆ తర్వాత అడ్రసు కోసం పీసీఐ రిసోర్స్ స్టార్ట్. ఎనేబుల్ ముందు, అడగడం తర్వాత. రిక్వెస్ట్ ఎందుకంటే ఆ జాగా మీద వేరే డ్రైవర్ కర్చీఫ్ వేసి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తీసేటప్పుడు తీసుకున్నవన్నీ వదిలెయ్యాలి, డిసేబుల్ డివైస్ కూడా పిలవాలి.

పెనుగొండ మిల్లు | ఏప్రిల్ 21, రాత్రి 9:15

లారీలు అయిపోయాక కూర్చున్నా. మీరు చెప్పిన వరసే రాశాను. ఎబవ్ 4జీ ఆఫ్‌లో బ్రహ్మాండంగా నడిచింది. ధైర్యం చేసి ఆన్ చేశా. ఈసారి -1 కూడా లేదు, డ్రైవరే లోడ్ అవ్వలేదు. డీమెసేజ్‌లో (కెర్నల్ చిట్టా) పెద్ద హెచ్చరిక: "ఐఓరీమ్యాప్ ఆన్ ర్యామ్ ఎట్ 10000000" అని, ముందు బోలెడు సున్నాలు. ఎల్ఎస్‌పీసీఐలో మాత్రం 4010000000 అనే ఉంది.

లంక పిల్లోడు | 9:22

4010000000, 10000000. ముందున్న 40 ఏమైందన్నా?

నీలితెర | 9:24

పిల్లోడు పట్టేశాడు. అడ్రసు ఏ టైప్ వేరియబుల్‌లో పెట్టారు?

పెనుగొండ మిల్లు | 9:30

యూ32, అంటే 32 బిట్లది. పాత కోడ్‌లో అలాగే ఉంటే వదిలేశా.

రాజోలు కెర్నల్ | 9:41

అయితే అంతే. 32 బిట్లంటే హెక్స్‌లో ఎనిమిది అంకెలు. మీ అడ్రసుకి పది ఉన్నాయి, ముందు రెండూ తెగిపోయాయి. మిగిలిన 10000000 అంటే 256 ఎంబీ దగ్గర, అది మీ ర్యామ్. కెర్నల్ మామూలు ర్యామ్‌ని ఐఓరీమ్యాప్ చెయ్యనివ్వదు కాబట్టి హెచ్చరించి ఆపేసింది, అదృష్టం. తెగిన అంకె ర్యామ్ మీద కాకుండా వేరే కార్డు మీద పడి ఉంటే ఆ కార్డు రిజిస్టర్లలో మీ డ్రైవర్ రాసుకుంటూ పోయేది.

రిసోర్స్ సైజ్ టీ అనే టైప్ దీనికోసమే ఉంది. ఇంకా మంచిది, అడ్రసుని మీ చేతిలోకే తీసుకోకండి. పీసీఐ ఐఓమ్యాప్‌కి కార్డు, బార్ నంబరు ఇచ్చేస్తే పాయింటరే ఇస్తుంది. మధ్యలో అంకె ఉండదు, తెగడానికి ఏమీ ఉండదు.

దుబాయ్ ఆయన ఎబవ్ 4జీ ఎందుకు ఆపారో ఇప్పుడు తెలిసింది కదా. ఆయనకీ ఇదే హెచ్చరిక వచ్చి ఉంటుందని నా ఊహ.

కాకినాడ మాస్టారు | 9:58

అన్ని 64 బిట్ బార్‌లూ పైకి వెళ్తాయా? మా ల్యాబ్‌లో ఒక కార్డు 64 బిట్టే, కానీ కిందే ఉండిపోయింది.

రాజోలు కెర్నల్ | 10:04

అది ప్రీఫెచబుల్ కాకపోయి ఉంటుంది మాస్టారూ. బ్రిడ్జిలో మామూలు మెమరీ కిటికీ రిజిస్టర్లు 32 బిట్లే. ప్రీఫెచబుల్ కిటికీకి మాత్రమే పై 32 బిట్లు రాసుకునే చోటు ఉంది. బ్రిడ్జి వెనక ఉన్న కార్డు 4 జీబీ దాటాలంటే ఆ కిటికీలోంచే.

పెనుగొండ మిల్లు | 10:50

పీసీఐ ఐఓమ్యాప్ పెట్టా. ఎబవ్ 4జీ ఆన్‌లో ఖాళీ కాటా 0 చూపించింది. మా వాచ్‌మన్‌ని ఎక్కమన్నా, 70. ఆయన "నేను 68 ఏనండీ" అని గొడవ. పది కిలోల మెట్టు ఉన్న కాటా మీద అంతే వస్తుందని చెప్పినా ఒప్పుకోలేదు.

ఒకే ఒక్క చిక్కు మిగిలింది. మిషన్ ఆన్ చేశాక మొదటిసారి డ్రైవర్ లోడ్ చేస్తే అంతా బాగుంటుంది. తీసి మళ్లీ లోడ్ చేస్తే బరువు ఒక అంకె దగ్గర బిగుసుకుపోతోంది. ప్రాక్ కింద ఇంటరప్ట్స్ ఫైల్లో లెక్క పెరగట్లేదు. రీబూట్ చేస్తే మళ్లీ బాగు. పాత డ్రైవర్‌కి ఈ రోగం లేదు, ఎన్నిసార్లు తీసి పెట్టినా నడిచేది.

తణుకు సర్వీస్ | 10:55

అయితే తీయకండి 😀

రాజోలు కెర్నల్ | 11:20

ఇది నాకు నచ్చిన రోగం. కంట్రోల్ వరుస చూడండి, మొదటి రోజు మీరే పెట్టారు: బస్‌మాస్టర్ ప్లస్. ఇప్పుడు రెండోసారి లోడ్ చేశాక చూడండి, మైనస్ ఉంటుంది.

మీ కార్డు ఎంఎస్ఐ ఇంటరప్ట్ వాడుతోంది కదా. ఎంఎస్ఐ అంటే తీగ లాగడం కాదు, కార్డు ఒక అడ్రసుకి మెమరీ రాత పంపడం. కార్డు తనంతట తాను రాత పంపాలంటే బస్‌మాస్టర్ బిట్ ఆన్‌లో ఉండాలి. పాత డ్రైవర్ ఆ బిట్‌ని ఎప్పుడూ ముట్టుకోలేదు. మీ బయోస్ దాన్ని ఆన్ చేసి వదిలేసేది, ఆ పుణ్యాన నడిచిపోయింది. ఇప్పుడు మీరు పద్ధతిగా డిసేబుల్ డివైస్ పెట్టారు. అది వెళ్తూ వెళ్తూ ఆ బిట్ ఆర్పేస్తుంది. ఎనేబుల్ డివైస్ దాన్ని మళ్లీ వెలిగించదు. దానికి పీసీఐ సెట్ మాస్టర్ అని విడిగా పిలవాలి.

అంటే బయోస్ మీకు చెప్పకుండా ఇచ్చిన ఇంకో వస్తువు ఇది. అడ్రసైతే కనీసం కోడ్‌లో అంకెగా కనపడింది, ఇది అది కూడా లేదు. ఇంకో బోర్డు మీద బయోస్ ఆ బిట్ ఆన్ చెయ్యకపోతే పాత డ్రైవర్ మొదటి రోజే చచ్చేది.

పెనుగొండ మిల్లు | 11:38

మైనస్సే ఉంది! సెట్ మాస్టర్ పెట్టా. ఇరవైసార్లు తీసి పెట్టా. నడుస్తోంది.

నీలితెర | 11:41

శుభం. ఇంటరప్ట్ నంబరు కూడా ఎక్కడైనా అంకెగా రాసి లేదు కదా? కాన్ఫిగ్‌లో హెక్స్ 3సి దగ్గర ఇంటరప్ట్ లైన్ అని ఒక బైటు ఉంటుంది, చాలామంది దాన్ని చదివి అదే నిజమనుకుంటారు. బయోస్ తన పాత లెక్కలో రాసుకున్న చీటీ అది. ఏపీఐసీ (కొత్త ఇంటరప్ట్ పద్ధతి) నడుస్తున్న మిషన్‌లో దాన్ని నమ్మి ఇంటరప్ట్ 11 మీద కూర్చుంటే తెల్లారిపోతుంది.

పెనుగొండ మిల్లు | 11:44

లేదండీ, అది మాత్రం ఆయన కెర్నల్‌నే అడిగారు. వెక్టర్స్ అలొకేట్ చేసే పిలుపు ఉంది.

కాకినాడ మాస్టారు | ఏప్రిల్ 22, ఉదయం 8:30

ఆ పాత డ్రైవర్ ఫైలు నాకు ఇస్తారా? ఏం తప్పులున్నాయో మా పిల్లల్ని కనిపెట్టమంటాను. రాసినాయన పేరు తీసేసే ఇవ్వండి.

పెనుగొండ మిల్లు | 8:45

ఓనర్ గారిని అడిగి ఇస్తాను మాస్టారూ. "మారదు" అన్న కామెంట్ ఉంచమంటారా?

కాకినాడ మాస్టారు | 8:47

అది తీస్తే ఇంకేముంది, ఉంచండి.

లొల్ల లాకులు | 9:05

ఇంతకీ సీమాస్ బ్యాటరీ మార్చారా? సీఆర్2032, బిళ్ల బ్యాటరీ.

పెనుగొండ మిల్లు | 9:12

అయ్యో. మర్చేపోయానండీ. రేపు పాలకొల్లు వెళ్లే పనుంది, తెస్తాను. ఈలోగా కరెంటు పోకుండా ఉంటే చాలు, ఆకాశం చూస్తే మళ్లీ మబ్బేస్తోంది. పోయినా డ్రైవర్‌కి ఏం కాదనుకోండి, తారీఖే తప్పు పడుతుంది. కాటా చీటీ మీద తారీఖు తప్పైతే రైతులు ఊరుకోరు.